ఒషోగత్సుకి మీ చేత్తో ఇకెబనా: రెండు నెలల్లో ఎంతవరకు వస్తుంది?

ముందు ప్రశ్న క్లుప్తంగా. అడిగినావిడ ఈ వేసవిలోనే కుటుంబంతో టోక్యో వచ్చారు. జపాన్ వాళ్ల కొత్త సంవత్సరం పండగకి, అంటే ఒషోగత్సుకి, గుమ్మంలో ఇకెబనా, అంటే జపాన్ పద్ధతి పూల అమరిక, తన చేత్తో చేసి పెట్టుకోవాలని ఉంది. జనవరి 2న పక్కింటి పెద్దవాళ్లు టీకి వస్తున్నారట. ఇప్పుడు అక్టోబర్ నెలాఖరు. రెండు నెలల్లో నేర్చుకోగలనా, ఏ పద్ధతి ఎంచుకోవాలి, ఏమేం కొనాలి, ఎంతవుతుంది, మన ఇళ్లలో పెట్టుకుంటే తప్పా, పండగయ్యాక ఆ కొమ్మల్ని ఏం చెయ్యాలి అని అడిగారు.

సూటిగా చెప్పేస్తాను. వస్తుందండీ. ఇకెబనా మొత్తం రాదు, అది ఏళ్ల సాధన. కానీ పైన్ కొమ్మతో చేసే ఒక్క పండగ అమరిక, చూసినవాళ్లు ఆగి మెచ్చుకునేలా, రెండు నెలల్లో తప్పకుండా వస్తుంది. నవంబర్ మొదటి వారంలోపు ఒక క్లాసులో చేరండి. ప్రతి క్లాసు పూలనీ ఇంటికి తెచ్చి అదే రోజు మళ్లీ అమర్చండి. డిసెంబర్ ఆఖరి క్లాసు మాత్రం ఏమైనా సరే మానకండి. ఈ మూడూ చేస్తే చాలు. మిగతాదంతా వీటికి వివరణే.

నేను ఇకెబనాలో సోగెత్సు అనే పద్ధతిలో నేర్చుకున్నాను. చాలా ఏళ్లుగా టోక్యో పక్కనే ఉన్న కనాగవాలో మా పేట కమ్యూనిటీ సెంటర్లో చిన్న క్లాసు నడుపుతున్నాను. మన తెలుగువాళ్లు కూడా అప్పుడప్పుడూ వచ్చి చేరుతుంటారు, ఎక్కువమంది మీలాగే ఏదో ఒక పండగ మనసులో పెట్టుకుని వస్తారు. అది మంచి కారణమే. పండగకి తేదీ ఉంటుంది, తేదీ ఉంటే నేర్చుకోవడానికి ఒక ఊపు ఉంటుంది.

ఆఖరి క్లాసు గురించి అంత గట్టిగా ఎందుకు చెప్పానంటే, దాదాపు ఏ సెన్సేయ్, అంటే టీచర్, దగ్గరైనా డిసెంబర్‌లో చివరి క్లాసు పండగ పూలదే. పైన్, ఎర్రకాయల కొమ్మలు, చామంతి, మిజుహికి అనే ఎరుపు తెలుపు, బంగారు వెండి తాళ్లు, అన్నీ సెన్సేయే ముందుగా పూలవాళ్ల దగ్గర చెప్పి తెప్పిస్తారు. పైన్ అన్ని రోజులూ వచ్చే సరుకు కాదు. టోక్యోలో ఓతా మార్కెట్ లాంటి పెద్ద పూల మార్కెట్లలో డిసెంబర్‌లో పైన్‌కి ప్రత్యేకంగా వేలం జరుగుతుంది, ఎర్రకాయల సెన్‌ర్యోకి మరో రోజు విడిగా జరుగుతుంది. ఇబరాకి జిల్లా కమిసు వైపు ఇసుక నేలల్లో ఈ రెండూ పంటలాగా పండిస్తారు. ఆ సరుకులో మంచిది ముందే క్లాసులకీ, పెద్ద హోటళ్లకీ వెళ్లిపోతుంది. మీరు 30వ తేదీన పూల షాపుకి వెళ్తే మిగిలినవే దొరుకుతాయి, అవి కూడా ఎక్కువ రేటుకి. క్లాసులో ఉంటే ఆ టెన్షన్ లేదు.

ఇక ఇంటికి తెచ్చి మళ్లీ అమర్చడం. నా ఉద్దేశంలో అసలు చదువంతా ఇక్కడే ఉంది. క్లాసులో మీరు అమర్చింది అక్కడ ఉంచరు. సెన్సేయ్ చూసి, సరిదిద్ది, మీరు ఫోటో తీసుకున్నాక, దాన్ని విప్పేసి, పూలని తడి న్యూస్‌పేపర్లో చుట్టి ఇంటికి తెచ్చుకోవాలి. చాలామంది అలా తెచ్చి బకెట్లో పడేసి, మర్నాడు ఏదో గ్లాసులో గుచ్చేస్తారు. అలా చెయ్యకండి. క్లాసులో చెయ్యి సెన్సేయ్ మాట వింటూ పనిచేస్తుంది. ఇంట్లో ఆ కొమ్మ ఎందుకు నిలబడటం లేదో మీరే కనుక్కోవాలి. కొమ్మలు అవే, కొలతలు కోసేసి ఉన్నాయి, అరగంటలో అయిపోతుంది. ఒక తెలుగమ్మాయి నవంబర్‌లో నా దగ్గర చేరింది. ఇద్దరు చిన్నపిల్లలు. వాళ్లు పడుకున్నాక వంటగట్టు మీద ప్రతి వారం మళ్లీ అమర్చి, ఫోటో తీసి నాకు పంపేది. డిసెంబర్ చివరికి తన చేతిలో కొమ్మ నిలబడే తీరు, రెండేళ్లుగా వస్తూ ఇంట్లో ముట్టుకోని వాళ్లకంటే బాగుంది.

తేదీలు. పండగ నుంచి వెనక్కి లెక్కేసుకోండి. పాత ఆచారం ప్రకారం డిసెంబర్ 13 నుంచి పండగ పనులు మొదలవుతాయి, ముందు ఇల్లు దులపడం. పూల అమరిక, గుమ్మం ముందు పెట్టే కదొమత్సు అనే పైన్, వెదురు అలంకరణ, ఇవన్నీ 28లోపు పెట్టేయాలి. 29న పెట్టరు, ఆ అంకె జపనీస్‌లో పలికితే కష్టం అనే మాట వినిపిస్తుందని. 31న అసలు పెట్టరు, ఒక్క రాత్రి ముందు అలంకరించడం అంత్యక్రియల పద్ధతి అవుతుందని పెద్దవాళ్లు బాధపడతారు. 28 కుదరకపోతే 30న పెట్టుకోవచ్చు. మీ పక్కింటి పెద్దవాళ్లు ఇవి పట్టించుకునే తరం అయ్యుంటారు కాబట్టి 28 అనే పెట్టుకోండి. ఇంకో విషయం, 25వ తేదీ సాయంత్రం దాకా ఊరంతా క్రిస్మస్ అలంకరణే ఉంటుంది. రాత్రికి రాత్రి షాపులన్నీ పైన్‌కీ వెదురుకీ మారిపోతాయి. ఒకసారి ఆ రాత్రి, ఆ మర్నాటి ఉదయం ఏదైనా డిపార్ట్‌మెంట్ స్టోర్ పూల విభాగం చూసి రండి. అక్కడ అమర్చినవాటి ముందు కాసేపు నిలబడితే చాలా తెలుస్తుంది.

ఇప్పుడు చేతిపని.

కెన్‌జాన్ అంటే సీసపు దిమ్మ మీద ఇత్తడి సూదులు దట్టంగా నాటిన పీఠం. దాన్ని సుయిబాన్ అనే లోతు లేని గిన్నెలో పెట్టి, సూదులు మునిగేలా నీళ్లు పోసి, కొమ్మల్ని అందులో గుచ్చుతాం. మెత్తని కాడని అడ్డంగా తిన్నగా కోసి గుచ్చాలి. కట్టెలాంటి కొమ్మని ఏటవాలుగా కోయాలి. లావుగా ఉంటే కింద నిలువుగా ఒకటి రెండు చీలికలు కూడా పెట్టాలి. ఎంత వంపు కావాలన్నా కొమ్మని ముందు నిటారుగానే దించండి. సూదుల్లోకి గట్టిగా దిగిందని చేతికి తెలిశాక, రెండు చేతులతో మొదట్లో పట్టుకుని, మెల్లగా కావలసిన వైపుకి వంచండి. మొదటే వంచి గుచ్చితే ఒక పక్క సూదులే పట్టుకుంటాయి, మర్నాటికి కొమ్మ పడిపోతుంది. కొమ్మ బరువుకి కెన్‌జాన్ పైకి లేస్తుంటే, వెనకవైపు ఇంకో కెన్‌జాన్‌ని తిరగేసి దాని అంచు మీద బరువుగా పెట్టండి.

పూల కాడల్ని నీళ్లలో ముంచి, నీళ్ల లోపలే కోయాలి. దీన్ని మిజుగిరి అంటారు. గాలి బుడగ కాడలోకి పోకుండా నీళ్లు పైకి ఎక్కుతాయి. చామంతికి మాత్రం కత్తెర కంటే చెయ్యే మేలు. నీళ్లలో ముంచి పుటుక్కున విరిచేయండి, పీచు పీచుగా విరిగిన చోట నీళ్లు ఎక్కువ పీల్చుకుంటుంది.

పైన్ దగ్గరికి వద్దాం. మీకు క్లాసులో ఇచ్చేది ఎక్కువగా వకమత్సు అనే లేత పైన్, తిన్నగా పైకి లేచిన కాండం, చివర కొవ్వొత్తుల్లా నిలబడిన మొగ్గలు. చేతిలోకి తీసుకోగానే బంక అంటుకుంటుంది. దానికి భయపడొద్దు, స్పిరిట్‌తో గానీ వంటనూనెతో గానీ రుద్ది సబ్బుతో కడుక్కుంటే పోతుంది. కత్తెరని కూడా వెంటనే తుడవండి, లేకపోతే మర్నాటికి బిగుసుకుపోతుంది. తర్వాత కొమ్మని వెలుతురుకి ఎదురుగా పట్టుకుని నిదానంగా తిప్పి చూడండి. మొదట్లో గోధుమ రంగుకి తిరిగిన పాత ఆకులు, సూదుల్లాంటివి, ఉంటాయి, కిందికి వేలాడేవి ఉంటాయి, రెండు గుత్తుల మధ్య కాండానికి అంటుకుని చెదిరిన సూదులుంటాయి. ఒక్కొక్కటీ వేళ్లతో లాగేయండి. కత్తెరతో కత్తిరిస్తే సూది చివర తెగి ఎండి గోధుమ రంగు వస్తుంది, దూరం నుంచి కూడా తెలిసిపోతుంది. ఈ శుభ్రం చెయ్యడానికి పట్టే సమయం అమర్చడం కంటే ఎక్కువ. అది అయ్యేసరికి అదే కొమ్మ వేరే కొమ్మలా ఉంటుంది, గీత బయటపడుతుంది. పండగ పైన్ అందం నూటికి ఎనభై వంతులు ఇక్కడే తేలిపోతుందని నేను గట్టిగా నమ్ముతాను.

కొలతలు. సోగెత్సులో మొదట నేర్పే నిటారు అమరికలో మూడు ముఖ్యమైన గీతలు, అంటే మూడు ముఖ్యమైన కొమ్మలు, ఉంటాయి: షిన్, సొయె, హికయె. గిన్నె వెడల్పు, ఎత్తు కలిపి, దానికి ఒకటిన్నర రెట్లు షిన్ పొడవు. షిన్‌లో నాలుగింట మూడు వంతులు సొయె. సొయెలో నాలుగింట మూడు వంతులు హికయె. మీ గిన్నె 24 సెంటీమీటర్ల వెడల్పు, 6 సెంటీమీటర్ల ఎత్తు అనుకోండి. మొత్తం 30. షిన్ 45, సొయె సుమారు 34, హికయె సుమారు 25 సెంటీమీటర్లు. షిన్ నిలువు నుంచి 10 నుంచి 15 డిగ్రీలు ఎడమ ముందుకి, సొయె 45 డిగ్రీలు అదే వైపుకి, హికయె 75 డిగ్రీలు కుడి ముందుకి వంగాలి. మూడూ చూసేవాళ్ల వైపు రావాలి. గోడకి అతికించినట్టు ఒకే తలంలో ఉంటే అది ఫోటోలో బాగుంటుందేమో గానీ గదిలో చచ్చుగా ఉంటుంది.

మీ పండగకి నేను చెప్పే అమరిక ఇది. షిన్, సొయె రెండూ పైన్. హికయె ఒక పెద్ద తెల్ల చామంతి, పూర్తిగా విచ్చుకోనిది. వాటి మధ్య పొట్టిగా రెండు సెన్‌ర్యో రెమ్మలు, ఒకటి ముందు, ఒకటి కాస్త వెనక, కెన్‌జాన్ కనపడకుండా. చివర్లో బంగారు వెండి మిజుహికి రెండు మూడు తీగలు వదులుగా మెలిపెట్టి పైన్ మొదట్లో. అంతే. ఆకుపచ్చ, తెలుపు, ఎరుపు. ఇంకేమీ వద్దు.

ఇక్కడ మనవాళ్ల చెయ్యి ఆగదు, ప్రతి ఏడూ చూస్తుంటాను. సంక్రాంతికి గుమ్మానికి బంతిపూల దండ కట్టేటప్పుడు పువ్వుకీ పువ్వుకీ మధ్య దారం కనపడితే అమ్మ ఊరుకునేదా? సందు కనపడితే ఇంకో పువ్వు పెట్టడం మన వేళ్లకి చిన్నప్పటి నుంచీ అలవాటు. ఇకెబనాలో ఆ సందు కూడా అమరికలో భాగమే. షిన్‌కీ హికయెకీ మధ్య ఖాళీ ఉన్నప్పుడే పైన్ గీత కనిపిస్తుంది. అయిపోయిందనిపించాక మూడడుగులు వెనక్కి వెళ్లి, కూర్చుని, ఒక కన్ను మూసి చూడండి. ఏ రెమ్మ తీసేసినా ఏమీ తగ్గలేదనిపిస్తే దాన్ని తీసేయండి. అయితే మన అలవాటులో ఒక గొప్ప మేలూ ఉంది. మల్లెలు మాలకట్టిన వేళ్లకి కాడని నలపకుండా పట్టుకోవడం ఎవరూ నేర్పక్కర్లేదు.

సెన్‌ర్యో విషయంలో జాగ్రత్త. కాయలు ముట్టుకుంటే రాలతాయి, ఆకుల కింద కాడనే పట్టుకోవాలి. దాని బదులు నాన్‌తెన్ అనే ఇంకో ఎర్రకాయల కొమ్మ ఇస్తే, అదీ శుభమే, కానీ హీటర్ ఉన్న గదిలో ఆకులు రెండు మూడు రోజుల్లో ముడుచుకుని రాలిపోతాయి, కాయలు మాత్రం నిలుస్తాయి. నాన్‌తెన్ అయితే ఆకులు ముందే సగం తగ్గించేయండి. లిల్లీ పెడితే విచ్చుకోగానే మధ్యలోని పుప్పొడి తిత్తులు తీసేయాలి, వచ్చినవాళ్ల బట్టలకి అంటితే మరక పోదు.

నార్సిసస్, అంటే సుయిసెన్, గురించి అడగలేదు గానీ చెప్పకుండా ఉండలేను. డిసెంబర్, జనవరుల్లో ఇక్కడ పూసే పూలల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది. దాని మొదట్లో ఆకుల్నీ పూకాడనీ కలిపి పట్టుకున్న తెల్లటి తొడుగు ఒకటుంటుంది, హకామా అంటారు. దాన్ని వేళ్ల మధ్య మెత్తగా నలుపుతూ వదులు చేసి, చిరగకుండా గొట్టంలా బయటకి తీస్తారు. ఆకులు, పువ్వు విడిపోతాయి. జిగురు తుడిచి, ఆకుల్ని వేళ్ల మధ్య సాగదీసి, పొడవులు సరిచేసి, పువ్వుని ఆకుల కంటే కాస్త కిందకి జరిపి, మళ్లీ అన్నిటినీ అదే తొడుగులోకి ఎక్కిస్తారు. చూస్తే తోటలో అలాగే మొలిచిందనిపిస్తుంది. ఇది ఇకెనోబో అనే పాత పద్ధతి వాళ్ల షోకా అమరికలో తప్పనిసరిగా నేర్పే పని. మీకు ఈ ఏడాది వద్దు, వచ్చే ఏడాదికి పెట్టుకోండి.

కొనేటప్పుడు ఒక పెద్ద జాగ్రత్త. సూపర్‌మార్కెట్లో చామంతులు, కార్నేషన్లు కట్టలు కట్టి చవగ్గా అమ్ముతారు, తరచూ జంటలుగా. అవి చాలావరకు ఇంట్లో పోయినవాళ్ల పీఠానికీ, సమాధులకీ పెట్టే పూలు. పక్కనే ఉండే నిగనిగలాడే పచ్చ ఆకుల కట్టలు సకాకి, జపాన్ వాళ్ల షింతో మతంలో ఇంట్లో ఉంచుకునే దేవుడి అల్మారాకి పెట్టేవి. కొత్తగా వచ్చిన మనవాళ్లు అందంగా ఉన్నాయని కొనేసి, గుమ్మంలో పెట్టేస్తారు. వచ్చిన అతిథి ఏమీ అనరు, కానీ మనసు చివుక్కుమంటుంది. తెల్ల చామంతి ఒక్కటే పెట్టడం కూడా అదే అర్థాన్ని తెస్తుంది. పైన్, ఎర్రకాయలు పక్కన ఉంటే మాత్రం అదే తెల్ల చామంతి పండగ పువ్వు. పూలు బేసి సంఖ్యలో ఉంచండి, నాలుగు అసలు వద్దు. గులాబీ లాంటి ముళ్లున్నవి ఈ పండక్కి పెట్టకండి.

ఏ పద్ధతి అనే ప్రశ్నకి నా అభిప్రాయం: మీ ఇంటికి దగ్గరగా ఉన్న మంచి సెన్సేయ్ ఏ పద్ధతివారైతే అదే మీ పద్ధతి. రెండు నెలల్లో పద్ధతుల తేడా మీకు అడ్డు రాదు. తెలుసుకోవడానికి మాత్రం కొంచెం చెప్తాను. అన్నిటికంటే పాతది ఇకెనోబో, క్యోటోలోని రొక్కకుదో గుడి వాళ్లది. సెన్‌కెయి అనే ఆ గుడి సన్యాసి పూలు అమర్చిన సంగతి 1462 నాటి ఒక డైరీలో రాసి ఉంది. వీళ్ల పద్ధతి నియమాలతో కూడినది, శాంతంగా ఉంటుంది. ఓహరా పద్ధతిని 19వ శతాబ్దం చివర్లో ఓహరా ఉన్‌షిన్ మొదలుపెట్టారు. లోతు లేని గిన్నెలో పోగేసినట్టు అమర్చే మొరిబనా ఆయన తెచ్చిందే, అప్పుడే జపాన్‌కి వచ్చిన విదేశీ పూలు అందులో చక్కగా ఒదిగాయి. సోగెత్సుని తెషిగహరా సోఫు 1927లో స్థాపించారు. ఎక్కడైనా, ఎవరైనా, దేనితోనైనా అనే ధోరణి. టోక్యో అకసకాలో సోగెత్సు కైకాన్ భవనం ఉంది, దాని రూపం గీసింది ఆర్కిటెక్ట్ తంగె కెంజో, లోపల శిల్పి ఇసాము నొగుచి రాళ్లతో మెట్లు మెట్లుగా చేసిన తోట ఉంది. అక్కడ ఇంగ్లిష్‌లో చెప్పే క్లాసు కూడా ఉంటుంది. జపనీస్ ఇంకా రానివాళ్లు అక్కడ చేరినా బాగుంటుంది.

అయినా నా సలహా అడిగితే మీ వార్డు ఆఫీసు పంచే పత్రికలో, కమ్యూనిటీ సెంటర్ నోటీసు బోర్డులో వెతకమంటాను. అరవై, డెబ్బై ఏళ్ల సెన్సేయ్‌లు పది మందిలోపు విద్యార్థులతో నడిపే క్లాసులుంటాయి. భాష రాదని వెనకాడకండి, ఇది చూసి నేర్చుకునే విద్య. మొదలుపెట్టేటప్పుడు ‘ఒనెగాయిషిమసు’ (దయచేసి నేర్పండి), చివర్లో ‘అరిగతో గొజాయిమషిత’ (ధన్యవాదాలు) అని వంగి చెప్తే సగం పని అయినట్టే. ఒక విషయానికి మాత్రం ముందే సిద్ధపడండి. మీరు అమర్చాక సెన్సేయ్ వచ్చి మీ కుర్చీలో కూర్చుని, మీరు గుచ్చిన కొమ్మ తీసి, కోసి, వేరే చోట గుచ్చుతారు. ఏమీ చెప్పకుండా కూడా చేస్తారు. కొందరు చిన్నబుచ్చుకుంటారు. అది మిమ్మల్ని తక్కువ చెయ్యడం కాదు, అదే పాఠం. సరిదిద్దక ముందు ఒక ఫోటో, తర్వాత ఒక ఫోటో తీసుకోండి. ఇంట్లో మళ్లీ అమర్చేటప్పుడు ఆ రెండో ఫోటో ఎదురుగా పెట్టుకోండి. వీడియోలు చూసి నేర్చుకోవచ్చా అని కూడా చాలామంది అడుగుతుంటారు. కొలతలు, పేర్లు తెలుస్తాయి. కొమ్మ సూదుల్లో దిగిన పట్టు మాత్రం ఎవరో ఒకరు మీ చెయ్యి పట్టుకుని చూపిస్తేనే తెలుస్తుంది.

ఖర్చు. నాకు తెలిసిన క్లాసుల్లో ఒక్కోసారికి ఫీజు 2,000 నుంచి 4,000 యెన్‌లు, పూలకి విడిగా 1,000 నుంచి 2,000 యెన్‌లు. డిసెంబర్ ఆఖరి క్లాసు పూలకి ఇంకా ఎక్కువవుతుంది, ముందే అడగండి. మంచి కెన్‌జాన్ 1,500 నుంచి 3,000, కత్తెర 3,000 నుంచి 5,000 యెన్‌లు. వంద యెన్‌ల షాపులో కూడా చిన్న కెన్‌జాన్ దొరుకుతుంది, చామంతికి పనికొస్తుంది గానీ పైన్ బరువు ఆపదు. కెన్‌జాన్ దగ్గర పొదుపు చెయ్యకండి, అది జీవితాంతం ఉంటుంది. గిన్నెకి మాత్రం ఖర్చు పెట్టక్కర్లేదు. ఐదారు సెంటీమీటర్ల లోతున్న ముదురు రంగు వెడల్పాటి వంటింటి గిన్నె చాలు. సర్టిఫికెట్లు, వాటి ఫీజులు ఉంటాయి, మీ పనికి వాటి అవసరం లేదు. నెల ఫీజుని ‘గెష్షా’ అంటారు, కవర్లో పెట్టి, వీలైతే కొత్త నోట్లతో, రెండు చేతులతో ఇవ్వండి.

మనవాళ్లం పెట్టుకుంటే తప్పా అన్నారు. ఏమీ తప్పు లేదు. ఒషోగత్సు పైన్ వెనక నమ్మకం ఏమిటంటే, ఏడాది మొదట్లో తొషిగామి అనే దేవత ఇంటికి వస్తుందని, ఎండిపోని పచ్చని పైన్‌ని ఆనవాలుగా పట్టుకుని దిగుతుందని. గుమ్మానికి మామిడాకులు కట్టి లక్ష్మీదేవిని పిలిచే ఇంట్లో ఇది కొత్తగా అనిపించదు. పైగా ఇకెబనా మొదలైందే గుడిలో బుద్ధుడి ముందు పూలు పెట్టడం నుంచి. నా దగ్గర నేర్చుకున్న ఒకావిడ గుమ్మంలో పైన్ పెట్టి, మిగిలిన చామంతులు పూజ గదిలో వెంకటేశ్వర స్వామికి పెడుతుంది. నాకు చాలా నచ్చింది.

పూల షాపులో ప్లమ్ మొగ్గల కొమ్మలు కూడా కనిపిస్తాయి, డిసెంబర్‌లో ఇదేమిటి అనుకుంటారు. జపాన్ 1873లో పాత చాంద్రమాన పంచాంగం వదిలి ఇప్పటి క్యాలెండర్‌కి మారింది. అంతకుముందు కొత్త సంవత్సరం జనవరి చివర్లోనో ఫిబ్రవరిలోనో వచ్చేది, అప్పటికి ప్లమ్ నిజంగానే పూసేది. పండగ ముందుకి జరిగింది, చెట్టు జరగలేదు. అందుకే ఇప్పుడు వెచ్చని గదుల్లో పెట్టి పూయిస్తారు. మార్చి 3న ఆడపిల్లల పండగకి పెట్టే పీచ్ పూల సంగతీ ఇంతే. అలాంటి కొమ్మలు సున్నితం, ఇంట్లో మొగ్గలు రాలిపోతాయి. మొదటిసారి వాటి జోలికి పోకండి.

ఎక్కడ పెట్టాలి. అపార్ట్‌మెంట్లో తొకొనోమా, అంటే గదిలో పూలు, బొమ్మలు పెట్టే అలంకరణ గూడు, ఉండదు, అందరూ గెన్‌కాన్‌లో, అంటే చెప్పులు విడిచే గుమ్మం దగ్గర, చెప్పుల అల్మారా మీదే పెడతారు, మీరూ అక్కడే పెట్టండి. అక్కడ చల్లగా ఉంటుంది, పూలకి మంచిది. ఏసీ గాలి నేరుగా తగిలే చోట వద్దు. వెనక గోడ మీద క్యాలెండర్లు, తాళాల కొక్కాలు ఉంటే ఆ వారం తీసేయండి. రోజూ నీళ్లు చూడండి, సూదులు మునిగి ఉండాలి, రెండు మూడు రోజులకి ఒకసారి నీళ్లు మార్చండి. చామంతి వాడితే అదొక్కటీ మార్చుకుంటే సరిపోతుంది, పైన్ పండగ రోజులన్నీ దాటి నిలుస్తుంది. చిన్నపిల్లలుంటే కెన్‌జాన్ చేతికి అందని ఎత్తులో ఉంచండి, సూదులు చాలా పదును.

పండగయ్యాక ఏం చెయ్యాలన్నది చివరి ప్రశ్న. టోక్యో వైపు పైన్‌ని జనవరి 7 దాకా ఉంచుతారు, ఒసాకా, క్యోటో వైపు 15 దాకా. మీరు 7న తీసేయండి. జనవరి 15 ప్రాంతంలో చాలా గుళ్లలో, ఊళ్లలో దొందోయాకి అని పెద్ద మంట వేసి పండగ అలంకరణలన్నీ అందులో వేస్తారు, ఆ మంట మీద మోచి అనే బియ్యపు ముద్దలు కాల్చుకుని తింటారు. మన భోగి మంట కూడా అదే వారంలో వస్తుంది, పిల్లల్ని తీసుకెళ్లండి, వాళ్లకి వేరే వివరణ అక్కర్లేదు. మీ పేట గుడిలో తీసుకుంటారో లేదో ముందే కనుక్కోండి. ప్లాస్టిక్, తీగలు తీసేసి ఇవ్వాలి. కుదరకపోతే తెల్ల కాగితంలో చుట్టి, కాస్త ఉప్పు చల్లి, కాలే చెత్తలో వేయడం కూడా ఇక్కడి పద్ధతే.

కెన్‌జాన్ సూదుల మధ్య ఇరుక్కున్న ముక్కలు తీసి, కడిగి, ఎండలో ఆరబెట్టండి. సంక్రాంతికి చామంతి, బంతి అందులోనే అమర్చుకోవచ్చు. ఇప్పటికి ఈ వారంలో చెయ్యాల్సింది ఒక్కటే: రెండు మూడు క్లాసులకి ఫోన్ చేసి, విడిగా ఒకసారి వచ్చి చూడొచ్చా, పండగ పూల క్లాసు ఏ తేదీన, దానికి పేరు ఎప్పటిలోగా ఇవ్వాలి అని అడగండి. చాలాచోట్ల ఆ లిస్టు నవంబర్ చివరికే అయిపోతుంది.